‘దేవుడు తోడుండగా ఒంటరితనమేంటి?’: ఒక కౌన్సెలింగ్ కేసు

నా దగ్గరికి కౌన్సెలింగ్‌కు వచ్చిన ఒకామె కేసును ఆమె అనుమతితో రాస్తున్నాను. వయసు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను, పేర్లు ఎక్కడా వాడలేదు. రాసింది ఆమెకు చదివి వినిపించాను. తీసేయమన్న రెండు మూడు సంగతులు తీసేశాను.

నేను హనుమకొండలో కౌన్సెలింగ్ సైకాలజిస్టుని, క్రైస్తవ విశ్వాసిని కూడా. చుట్టుపక్కల సంఘాల పాస్టర్లు తమవాళ్లను నా దగ్గరికి పంపిస్తుంటారు. అలా వచ్చేవాళ్లలో చాలామంది ఒంటరితనాన్ని ఒక నేరంలా దాచుకుంటారు. ఈమె కేసులో ఆ దాపరికం ఎంత హాని చేసిందో, అదే విశ్వాసం తర్వాత ఎలా ఆసరా అయిందో రెండూ కళ్లారా చూశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

వచ్చినప్పుడు

నలభై దాటిన స్త్రీ. వరంగల్ పాత పట్నంలో జంపఖానాలు నేసే ఇంట్లో పుట్టి, అదే పని చేసే ఇంటికి కోడలిగా వెళ్లింది. భర్త కిడ్నీలు చెడిపోయి, కొన్నాళ్లు డయాలసిస్ మీద ఉండి చనిపోయాడు. ఒక్కడే కొడుకు. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఆమె ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది, చీరలకు ఫాల్, పీకో వేస్తుంది.

భర్త ఎంజీఎం ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో పక్క మంచం పేషెంటు భార్య రోజూ సాయంత్రం ప్రార్థన చేసుకునేది. ఒకరోజు “మీ ఆయన గురించి గూడ చెయ్యాల్నా అక్కా?” అని అడిగింది. అప్పట్నుంచి ఇద్దరి భర్తల కోసం చేసింది. ఈమె భర్త బతకలేదు. అయినా ఆ సాయంత్రాలు ఆమెను వదల్లేదు. “అంత పెద్ద దవాఖాన్ల నా పేరు వెట్టి దేవున్ని అడిగింది ఆమె ఒక్కతే మేడం” అంది నాతో. తర్వాత హనుమకొండ వైపు ఒక సంఘానికి వెళ్లడం మొదలుపెట్టి, రెండేళ్లకు బాప్తిస్మం తీసుకుంది.

నా దగ్గరికి పాస్టరమ్మ వెంటబెట్టుకుని వచ్చింది. బుధవారం కూడికకు రావడం మానేసిందని, మనిషి సగమైపోయిందని చెప్పి బయట కూర్చుంది. ఈమె నోరు తెరవగానే అన్న మాట: “నాకేం రోగం లేదు మేడం. విశ్వాసం తక్కువైంది.”

ఆ వాక్యాన్ని ఆమె తనకు తాను వేసుకున్న శిక్షగా తీసుకుని అక్కడి నుంచి మొదలుపెట్టాను. ఎవరైనా అలా అన్నారా అని అడిగితే, చాలాసేపటికి చెప్పింది. ఒక ఉపవాస ప్రార్థనలో సాక్ష్యం చెప్పమంటే లేచి, ‘ఇంట్ల ఒక్కదాన్నే ఉంటే గోడలు మీదికొచ్చినట్టయితది, నా కోసం ప్రార్థన చెయ్యండ్రి’ అంది. కూడికలో ఒకామె వెంటనే, “ప్రభువు తోడుండగా ఒంటరితనమేంటమ్మా? ఆయనున్న ఇల్లు ఖాళీ ఎట్లయితది?” అంది. అందరూ ఆమేన్ అన్నారు. అన్నామెకు చెడ్డ ఉద్దేశం లేదు, ధైర్యం చెప్పాననే అనుకుని ఉంటుంది. కానీ ఆ రోజు తర్వాత ఈమె తన గురించి ఎవరితోనూ నోరు విప్పలేదు.

రెండు వైపులా బయటే

బంధువుల వైపు సంగతి ముందు. బాప్తిస్మం తర్వాత పిలుపులు తగ్గాయి. మరిది కొత్త ఇంటి గృహప్రవేశానికి పత్రిక రాలేదు. అన్న బిడ్డ ఓణీల ఫంక్షన్ ఫోటోలు వాట్సాప్ స్టేటస్‌లో చూసింది. వాడకట్టులో జాకెట్లు ఇచ్చేవాళ్లు కూడా పలచబడ్డారు. బతుకమ్మ ముందు నెల ఆమె మిషన్ రాత్రిళ్లు కూడా నడిచేది. ఇప్పుడు ఆ నెల కూడా మామూలు నెలే.

సంఘం వైపు వెలి వేరే రకం. అక్కడ ఎవరూ ఆమెను పొమ్మనలేదు. తలుపు దగ్గర నవ్వుతూ “వందనాలు” చెబుతారు. ఆరాధన అయ్యాక మాత్రం అందరూ కుటుంబాలుగా విడిపోయి మాట్లాడుకుంటారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు హనుమకొండలో 1879లో కేంద్రం పెట్టారు. ఈ ప్రాంతపు పాత సంఘాల్లో నాలుగో తరం, ఐదో తరం విశ్వాసులున్నారు. వాళ్లకు ఒకరి తాత మరొకరి తాతకు తెలుసు, ఒకరి బిడ్డ మరొకరి ఇంటి కోడలు. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ మొత్తంలో క్రైస్తవులు 1.3 శాతం దగ్గర. ఇంత చిన్న సమూహం తనలో తాను దగ్గరగా అల్లుకుపోవడం సహజం. ఆ అల్లికలోకి ఒంటరిగా వచ్చిన నేతింటి ఆడమనిషికి “మీరు ఎవరివాళ్లమ్మా?” అన్న ప్రశ్నకు జవాబు లేదు. సంఘంలో కులం లేదని వేదిక మీద అంటాం. బల్లల మీద ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో చూస్తే వేరే తెలుస్తుంది. ఈ మాట విశ్వాసిగా బాధతోనే రాస్తున్నాను.

ఆమె మాటల్లో: “అక్కడ పిలుస్తలేరు. ఇక్కడ పిలిచిండ్రు గని కూసోవెట్టలేదు.”

అంచనా

నిద్ర రాత్రికి మూడు నాలుగు గంటలు. వంట ఒకసారి చేసి రెండు రోజులు తినడం, శుక్రవారం ఉపవాసం పేరుతో శనివారం కూడా తినకపోవడం. కుట్టు మిషన్ ముందు కూర్చుని లేవడం. డిప్రెషన్ తీవ్రతను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 0 నుంచి 27 వరకు మార్కులుంటాయి. ఆమెకు వచ్చింది మధ్యస్థ స్థాయి, అంటే 10–14 పరిధి. తొమ్మిదో ప్రశ్న ప్రాణం గురించి. దానికి ఆమె జవాబు: “సచ్చిపోవాల్నని లేదు. పొద్దుగాల లేవకపోతే ఎవ్వలకు ఎర్కయితది అనిపిస్తది.” ప్రయత్నం చేసే ఆలోచన గానీ ఏర్పాటు గానీ లేవని నిర్ధారించుకున్నాను. అయినా ఆ మాటను తేలిగ్గా వదల్లేదు. సైకియాట్రిస్టు దగ్గరికి పంపాను, మందు మొదలైంది. రాత్రివేళ భారంగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయమని చెప్పి, ఆ నంబరు ఆమె ఫోన్లో సేవ్ చేయించాను. కొడుకుకు విషయం తెలియాలని ఆమెను ఒప్పించాను.

విశ్వాసపు సంగతి విడిగా చూడాల్సి వచ్చింది. కష్టకాలంలో మనిషి మతాన్ని ఎలా వాడుకుంటాడో పరిశోధించిన కెన్నెత్ పార్గమెంట్ రెండు దారులు గుర్తించాడు. దేవుడు నా పక్కన ఉన్నాడని ఆయన మీద ఆనుకోవడం ఒకటి. దేవుడు నన్ను శిక్షిస్తున్నాడు, వదిలేశాడు అని కుంగిపోవడం రెండోది. ఆయన బృందం తయారుచేసిన చిన్న ప్రశ్నావళిలో ఒక్కో దారికి ఏడేసి ప్రశ్నలుంటాయి. ఈమెలో రెండూ బలంగా ఉన్నాయి. ఆస్పత్రి వార్డు గురించి మాట్లాడేటప్పుడు దేవుడు దగ్గరివాడు. తన ఇల్లు గురించి మాట్లాడేటప్పుడు మొహం తిప్పుకున్నవాడు.

దీన్ని పట్టుకోవడానికి పనికొచ్చింది ఆమె ప్రార్థనే. మాట్లాడే ముందు ప్రార్థన చేసుకుందామని మొదట్లోనే అడిగింది. మీరే చేయండి, నేను కళ్లు మూసుకుని ఉంటాను అన్నాను. క్లయింటు ప్రార్థన వింటే ఆమె దేవుడు ఎలాంటివాడో తెలుస్తుంది. ఈమె పాస్టరు గారి కోసం అడిగింది. కొడుకు చదువు కోసం, దేశం కోసం, నా పరిచర్య కోసం అడిగింది. అన్నింటికీ కృతజ్ఞత చెప్పింది. తన కోసం ఒక్క మాట అడగలేదు. తర్వాతి వారాల్లోనూ అంతే.

ముందు నిద్ర, అన్నం

మొదటి నెల మేం ఒంటరితనం గురించి పెద్దగా మాట్లాడలేదు. బైబిల్లో ఆమెకు ఇష్టమైన భాగం ఏదని అడిగితే ఏలీయా ప్రవక్త కథ చెప్పింది. కర్మెలు కొండ మీద అగ్ని దిగిన ఘట్టం ఆమెకు కంఠతా వచ్చు. దాని తర్వాతి అధ్యాయం, మొదటి రాజుల గ్రంథం 19, ఇద్దరం కలిసి నెమ్మదిగా చదివాం. అంత ప్రవక్త బదరీవృక్షం కింద కూర్చుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అంటాడు. దేవదూత వచ్చి ఉపదేశం చేయడు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లబుడ్డి పెట్టి, లేచి తినమంటాడు. ఏలీయా తిని మళ్లీ పడుకుంటాడు. దూత రెండోసారి లేపి మళ్లీ తినమంటాడు. ‘నేను ఒక్కడినే మిగిలాను’ అన్న మాటకు దేవుడి జవాబు ఆ తర్వాత ఎప్పుడో, నలభై రోజుల నడక అయ్యాక వస్తుంది.

చదివి చాలాసేపు ఊరుకుంది. “అయితే తిట్టలేదన్నట్టు” అంది.

ఆ వారమే పాస్టరమ్మతో మాట్లాడి, మందులు వాడినన్నాళ్లూ ఉపవాసం ఆపింది. ఆ నిర్ణయం నేను చెప్పి చేయించకూడదు. ఆమె ఆచారం ఆమెది, ఆమె పెద్దలను ఆమే అడగాలి. పాస్టరమ్మ వెంటనే ఒప్పుకోవడమే కాక, శుక్రవారం మధ్యాహ్నం తన ఇంటికి అన్నానికి రమ్మంది. పూటపూటకీ వేడి అన్నం, పడుకునే ముందు ఫోన్లో స్టేటస్‌లు చూడకపోవడం, పొద్దున మిషన్ మీద ఒక జాకెట్ పూర్తిచేయడం. మొదటి నెల పని ఇంతే.

విలాప కీర్తన

ఆమె గోడ మీద వాగ్దానపు కార్డులు వరుసగా అంటించి ఉన్నాయి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఇచ్చే కార్డులు, ఏడాదికి ఒకటి. అన్నీ మేలు చెప్పేవే. కీర్తనల గ్రంథం ఆమెకు ఆ కార్డుల మీది వాక్యాలుగానే తెలుసు. నిజానికి 150 కీర్తనల్లో మూడో వంతుకు పైగా విలాపాలే. 25వ కీర్తనలో దావీదు ‘నేను ఏకాకిని, బాధపడువాడను’ అని నేరుగా అంటాడు. 88వ కీర్తన అయితే చివరికి కూడా తేరుకోదు. ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అని అక్కడే ఆగిపోతుంది. దాన్ని సరిదిద్ది, చివర ఒక స్తోత్రం తగిలించి పెట్టాలని ఎవరూ అనుకోలేదు. వందల ఏళ్లుగా ఆరాధనలో అలాగే చదువుతున్నారు.

ఆమెను అడిగాను: ఈ మాట బైబిల్లో ఉన్నప్పుడు మీ నోటి నుంచి వస్తే తప్పెలా అవుతుంది?

తన విలాపం తానే రాసుకురమ్మన్నాను, బైబిలు భాషలో వద్దు, ఇంట్లో మాట్లాడే మాటల్లోనే అన్నాను. రెండు వారాలు రాయలేదు. మూడోవారం నోటు పుస్తకంలోంచి చింపిన కాగితం తెచ్చింది. ఆమె ఒప్పుకున్నంత వరకు ఇక్కడ ఇస్తున్నాను:

“దేవా, మా అన్న బిడ్డను నేనే ఎత్తుకోని పెంచిన. దాని ఫంక్షన్ ఫోన్ల చూసిన. నువ్వు గూడ చూసినవా? మందిరంల అందరు జంటలు జంటలు బయటికి పోతరు. నేను చెప్పులు దొరకనట్టు నటించుకుంట నిలవడ్త, ఎవలన్న మాట్లాడుతరేమోనని. ఆయన ఉన్నప్పుడు కొట్లాడుకునేటోళ్లం, ఇప్పుడు కొట్లాడెటందుకు గూడ ఎవ్వలు లేరు. నువ్వున్నవని నాకు ఎర్కే. నాకు మనుషులు గూడ కావాలె.”

చివరి రెండు వాక్యాలూ ఒకదాని పక్కన ఒకటి ఉండవచ్చని ఆమెకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఆ కాగితాన్ని గట్టిగా చదివి, అదే ప్రార్థనగా ముగించింది. నా ముందు తన కోసం ఆమె చేసిన మొదటి ప్రార్థన అది.

మూడు గడులు

ఒంటరితనం మీద 2011లో వచ్చిన ఒక మెటా విశ్లేషణ, అంటే చాలా అధ్యయనాల ఫలితాలను కలిపి చూసిన పరిశోధన (మాసీ, కచియోప్పో బృందం) చెప్పేదేమంటే, మనుషులను కలిపే ఏర్పాట్లకన్నా, ఇతరులు తన గురించి ఏమనుకుంటున్నారన్న ఆలోచనలను సరిచూసుకోవడం ఎక్కువ ఫలితమిస్తుంది. చాలాకాలం ఒంటరిగా ఉన్న మనసు ప్రతి మొహంలోనూ తిరస్కారాన్నే వెతుకుతుంది. ఈమె విషయంలో దీనికి తోడు ఇంకొకటి కలిసింది. తనకు జరిగిన ప్రతిదాన్నీ ‘ప్రభువును నమ్ముకున్నందుకు శ్రమ’ అనే ఒకే పేరు కింద పెట్టింది. ఆ పేరు కొంత బలాన్నిచ్చింది. కళ్లకు కొంత గంత కూడా కట్టింది.

కాగితం మీద మూడు గడులు గీసి, ఒక్కో సంఘటనను ఏ గడిలో పడుతుందో చూడమన్నాను: మతం మారినందుకు, భర్త పోయినందుకు, తెలియదు.

గృహప్రవేశం మొదటి గడిలో పడింది. మరిది ఆ మాట మొహం మీదే అన్నాడు, అందులో సందేహం లేదు. జాకెట్లు తగ్గడం దగ్గర ఆగింది. అందులో కొంత కొత్త బొటిక్‌ల వల్ల అని తనే చెప్పి, ‘తెలియదు’లో రాసింది. ఓణీల ఫంక్షన్ దగ్గర పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంది. భర్త పోయిన ఏడాదే, అంటే ఆమె మందిరం గడప తొక్కకముందే, ఒక పెళ్లిలో ఆమెను పసుపు కుంకుమల వేళకు వెనక గదిలో ఉండమన్నారు. అప్పుడు పక్కన ఉండి ఏడ్చింది వదినే. ఆడబిడ్డను పిలిచి మళ్లీ వెనక గదిలో కూర్చోబెట్టలేక పిలవకపోయి ఉండొచ్చునన్న ఆలోచన ఈమెకు మొదటిసారి వచ్చింది. ఫోన్ తీసి చూపించింది. ఫంక్షన్ వారంలో వదిన నుంచి మిస్డ్ కాల్స్ ఉన్నాయి. ఎత్తలేదు, తిరిగి చేయలేదు.

విధవరాలి మీద మన ఇళ్లు విధించే వెలి మతంతో నిమిత్తం లేకుండా ఉంది. కొన్ని క్రైస్తవ ఇళ్లలో పెళ్లి పనుల దగ్గర కూడా దాని నీడ చూశాను. దానికి విశ్వాసాన్ని కారణంగా చూపితే బంధువులందరూ శత్రువులైపోతారు. ఈ విడదీత ఈ కేసులో నేను చేసిన అన్ని పనులకన్నా ముఖ్యమైనదని నా అభిప్రాయం.

వదినకు తనే ఫోన్ చేసింది. “ఏం చెల్లె, యాదికొచ్చిన్నా?” అంది అటువైపు. ఇద్దరూ ఏడ్చారట. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

బతుకమ్మ

ఒక దుఃఖం గురించి ఆమె చాలా ఆలస్యంగా చెప్పింది. వాడకట్టులో బతుకమ్మ పాట ఎత్తేది ఆమే. పెత్తరమాస నాటి ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులూ ఆమె గొంతు ముందు లేస్తే మిగతావాళ్లు ‘ఉయ్యాలో’ అందుకునేవారు. ఇప్పుడు ఆ తొమ్మిది సాయంత్రాలూ తలుపు మూసుకుని, టీవీ సౌండు పెంచి కూర్చుంటుంది. దాన్ని తలుచుకుని బాధపడితే బైబిల్లో వెనక్కి చూసి ఉప్పు స్తంభమైపోయిన లోతు భార్యలాంటి దాన్నయిపోతానని భయం.

ఈ బాధ పాపం కిందికి రాదని నేను స్పష్టంగా చెప్పాను. కౌన్సెలర్‌గా అంత సూటిగా మాట్లాడటం అరుదు. ఇరవై ఏళ్లు పాడిన గొంతు ఒక్కసారిగా ఆగితే దానికీ సంతాపం ఉండాలి. ఆటలో కలవాలా వద్దా అన్నది మాత్రం ఆమె మనస్సాక్షి తేల్చుకోవాల్సిన సంగతి. తేల్చుకుంది: ఆడదు, తలుపు కూడా మూయదు. ఆ ఏడాది గడపలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆడపిల్లలకు పువ్వులు కట్టడానికి దారం అందించింది. ఒక ముసలమ్మ వచ్చి “నీ పాట లేక సప్పగున్నది బిడ్డా” అని పోయింది. ఆ మాట నాకు చెబుతూ నవ్వింది. నా దగ్గర ఆమె నవ్వడం అప్పటికి అరుదు.

అడగడం

బైబిల్లో అపొస్తలుడు పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన రెండో ఉత్తరం చివరి అధ్యాయం ఈ కేసుకు ఇరుసు. చెరలో ఉన్న ముసలివాడు. మొదటి విచారణలో ఎవరూ నా పక్షాన నిలబడలేదు, అందరూ విడిచిపోయారు, అయితే ప్రభువు నా పక్కన నిలిచాడు అంటాడు. ఈ వాక్యం మీద ప్రసంగాలు చాలా విన్నాం. అదే అధ్యాయంలో అదే మనిషి ఇంకా ఏమేం రాశాడో తక్కువగా వింటాం. త్వరగా రా అంటాడు. చలికాలం రాకముందే రా అంటాడు. వచ్చేటప్పుడు మార్కును తీసుకురా, త్రోయలో కర్పు దగ్గర వదిలిన అంగీ తే, పుస్తకాలు తే, ముఖ్యంగా చర్మపు కాగితాలు మరిచిపోకు అంటాడు. ప్రభువు పక్కన నిలిచినందువల్ల తిమోతి అవసరం తీరిపోలేదు. ఉపవాస ప్రార్థనలో ఆమెకు వచ్చిన జవాబుకు పౌలు దగ్గర ఒప్పుదల లేదు.

పౌలు అడిగినట్టే, ఫలానా మనిషిని ఫలానా పని అడగాలని అనుకున్నాం. ‘నన్ను మరిచిపోకండి’ అంటే ఎవరికీ ఏం చేయాలో తెలియదు. ‘ఆదివారం ఆరాధన అయినంక మా ఇంట్ల బువ్వ తిందాం రా’ అంటే తెలుస్తుంది. ఇద్దరిని ఎంచుకుంది. పాటల గుంపులో ఉండే ఒక టీచరమ్మ మొదటి మనిషి. మొదటిసారి ఆమె రాలేనంది. రెండు రోజులు ఇది తిరస్కారమేనని ఈమె తల్లడిల్లింది. తర్వాత చూస్తే టీచరమ్మకు ఎలక్షన్ డ్యూటీ. ఆ తర్వాతి ఆదివారం తనే గిన్నె నిండా కూర పట్టుకుని వచ్చింది. రెండో మనిషి ఎంజీఎం వార్డులో ప్రార్థన చేసినామె. భర్త కోలుకున్నాడు, పర్కాల దగ్గర ఊళ్లో ఉంటున్నారు. ఇన్నేళ్లూ ఫోన్ చేయకపోవడానికి ఈమె చెప్పిన కారణం: “ఆమె పెనిమిటి బతికిండు, మా ఆయన పోయిండు. నా మొఖం చూస్తే ఆమెకు బాధయితదని.” ఇప్పుడు నెలకోసారైనా ఒకరింటికి ఒకరు వెళ్తున్నారు.

సంఘం కూడా కొంత కదిలింది. ఆమె అనుమతితో పాస్టరు దంపతులతో కూర్చున్నప్పుడు రెండే అడిగాను: సాక్ష్యంలో ఎవరైనా బాధ చెబితే వెంటనే జవాబు చెప్పకుండా ఆగడం, ఒంటరిగా వచ్చేవాళ్లను ఆరాధన తర్వాత వంతులవారీగా ఎవరో ఒకరు ఇంటికి పిలవడం. రెండోది కొన్ని ఇళ్లే అందుకున్నాయి. యోహాను 9లో పుట్టుగుడ్డివాడిని వెలివేశారని విన్న యేసు వాడిని వెతికి కనుక్కున్నాడన్న భాగం మీద పాస్టరు గారు ఒక ఆదివారం ప్రసంగించారు. ఆమె ప్రస్తావన ఎక్కడా లేకుండా చేశారు. అందుకు ఆయనకు కృతజ్ఞురాలిని.

క్రిస్మస్‌కు ముందు ఆమె బతుకమ్మ బాణీలో ఒక క్రీస్తు పుట్టుక పాట కట్టింది. పెద్దల్లో కొందరు ఆ బాణీ మందిరంలో వద్దన్నారు. ఇళ్ల కూడికల్లో పాడుకోవచ్చన్నారు. ఆమెకు అది నొప్పించింది. అయినా టీచరమ్మ ఇంట్లో జరిగిన కూడికలో పాడింది, మిగతా ఆడవాళ్లు ‘ఉయ్యాలో’ అందుకున్నారు.

ఇప్పటి స్థితి

పీహెచ్‌క్యూ-9 స్వల్ప స్థాయి పరిధిలోకి, అంటే 5–9 మధ్యకు వచ్చింది. ప్రాణం గురించిన ప్రశ్నకు సున్నా. నిద్ర ఆరు గంటలకు తక్కువ కావడం లేదు. మందు తగ్గించే విషయం సైకియాట్రిస్టు చూస్తున్నారు, ఆమె సొంతంగా ఆపకూడదని గట్టిగా చెప్పాం. ఉపవాసం నెలకు ఒక్కరోజు, అదీ మధ్యాహ్నం వరకే మళ్లీ మొదలుపెట్టింది.

మరిది ఇంటితో మాటల్లేవు. అన్న ఇంకా ఫోన్ చేయలేదు, వదిన మాత్రం చేస్తుంది. ఆదివారాలు కొన్ని ఇప్పటికీ ఖాళీగానే పోతాయి. అలాంటి సాయంత్రం వస్తే ఏం చేస్తారని ఈమధ్య అడిగాను. విలాపం రాసిన కాగితం తీసి చదువుకుంటానని, తర్వాత ఎవరో ఒకరికి ఫోన్ చేస్తానని చెప్పింది. ఎత్తకపోతే? “ఇంకొకలకు చేస్త మేడం.” వచ్చే వేసవిలో అన్న ఇంట్లో పెళ్లి ఉంది. పిలుపు వస్తే వెళ్లాలనుకుంటోంది. పసుపు కుంకుమల వేళ వెనక గదికి పొమ్మంటే ఏం చేయాలో వదినతో ముందే మాట్లాడుకోవాలని అనుకున్నాం. వచ్చేసారి ఆ సంభాషణనే ఇద్దరం సాధన చేస్తాం.